వాన చినుకు మనల్ని ఎందుకు గాయపరచదు? గాలిలో పడే వస్తువు వేగాన్ని లెక్కగట్టేదిలా

రాయ్‌పుర్‌లోని తెలీబంధా చెరువు మీద కురిసే ఓ చినుకు 2 కిలోమీటర్ల ఎత్తున్న మేఘం నుంచి బయలుదేరిందనుకుందాం. దారిలో గాలే లేకపోతే, నీటిని తాకేసరికి దాని వేగం సెకనుకు 198 మీటర్లు, అంటే గంటకు 700 కిలోమీటర్ల పైనే ఉంటుంది. చెరువు గట్టు మీద, స్థానికులు మెరైన్ డ్రైవ్ అని పిలిచే దారిలో, గొడుగు వేసుకుని నడవడం కుదిరే పని కాదు. కానీ 2 మిల్లీమీటర్ల వ్యాసమున్న చినుకు నిజంగా దిగే వేగం సెకనుకు సుమారు 6.5 మీటర్లే. గంటకు 23 కిలోమీటర్లు. ఓ మోస్తరుగా తొక్కే సైకిల్ కంటే కాస్త ఎక్కువ.

ఈ రెండు అంకెల మధ్య తేడా అంతా గాలిదే. దాన్ని గణితంలోకి తేవడం కష్టమేమీ కాదు. అయితే గాలి నిరోధానికి ఏ సూత్రం వాడాలన్నది సరిగ్గా ఎంచుకోవాలి. అక్కడ పొరబడితే జవాబు కొంచెం కాదు, ఎన్నో రెట్లు తప్పుతుంది.

రెండు బలాల లెక్క

పడుతున్న వస్తువు మీద ప్రధానంగా రెండు బలాలు పనిచేస్తాయి. కిందికి లాగే గురుత్వాకర్షణ మారదు. పైకి నెట్టే గాలి నిరోధం మాత్రం వేగంతో పాటు పెరుగుతుంది. న్యూటన్ రెండో నియమం ప్రకారం ఈ రెండింటినీ కలిపి ఇలా రాయొచ్చు:

వేగం మారే రేటు = గురుత్వ త్వరణం − (గాలి నిరోధం ÷ ద్రవ్యరాశి)

ఇది అవకలన సమీకరణం. మొదట్లో వేగం సున్నా కాబట్టి నిరోధమూ సున్నాయే. వస్తువు సెకనుకు 9.8 మీటర్ల చొప్పున వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ నిరోధం పెరిగి, ఒక దశలో బరువుతో సమానమవుతుంది. ఆపై వేగం పెరగదు. దీన్నే చరమ వేగం అంటారు.

వేగమా, వేగ వర్గమా?

నిరోధానికి రెండు సూత్రాలు ప్రధానంగా వాడుకలో ఉన్నాయి.

మొదటిది స్టోక్స్ నియమం. జార్జ్ స్టోక్స్ 1851లో ప్రచురించారు. దీని ప్రకారం నిరోధం వేగానికి అనులోమంగా ఉంటుంది. చాలా చిన్న వస్తువు చుట్టూ గాలి సుడులు తిరగకుండా, పొరలు పొరలుగా జారిపోయేటప్పుడు ఇది వర్తిస్తుంది. ఇక్కడ పెత్తనం గాలి స్నిగ్ధతది.

రెండోది వర్గ నియమం. నిరోధం వేగ వర్గానికి అనులోమంగా ఉంటుంది. వస్తువు తనకు అడ్డొచ్చిన గాలిని పక్కకు నెట్టుకుంటూ, వెనక సుడులు వదులుతూ పోయేటప్పుడు ఇది పనికొస్తుంది. దీన్ని ఇలా రాస్తారు:

నిరోధం = ½ × గాలి సాంద్రత × నిరోధ గుణకం × ఎదురు వైశాల్యం × వేగ వర్గం

నిరోధ గుణకం వస్తువు ఆకారాన్ని బట్టి ఉంటుంది. నున్నటి గోళానికి చాలా సందర్భాల్లో 0.47 తీసుకుంటారు.

రెండింటిలో ఏది వాడాలో రేనాల్డ్స్ సంఖ్య చెబుతుంది. గాలి సాంద్రత, వస్తువు వేగం, వ్యాసం మూడింటినీ గుణించి స్నిగ్ధతతో భాగిస్తే ఈ సంఖ్య వస్తుంది. అది 1 కంటే బాగా తక్కువైతే స్టోక్స్ నియమం, వందలు దాటితే వర్గ నియమం. మధ్యలో ఉంటే రెండూ కొంత చొప్పున పనిచేస్తాయి.

ఒకే నీరు, రెండు నియమాలు

మేఘంలోని నీటి తుంపర వ్యాసం సుమారు 0.02 మిల్లీమీటర్లు. స్టోక్స్ నియమం ప్రకారం దాని చరమ వేగం సెకనుకు 1.2 సెంటీమీటర్లు. రేనాల్డ్స్ సంఖ్య 0.02 లోపే కాబట్టి ఇక్కడ నియమం సరిపోతుంది. పైకి లేచే ఏ చిన్న గాలి అయినా ఈ తుంపరను ఆపగలదు. మేఘం కింద పడిపోకుండా నిలబడటానికి ఇదో కారణం.

ఇదే సూత్రాన్ని 2 మిల్లీమీటర్ల చినుకుకు వాడి చూద్దాం. స్టోక్స్ నియమంలో చరమ వేగం వ్యాసం వర్గంతో పెరుగుతుంది. వ్యాసం 100 రెట్లు కాబట్టి వేగం 10,000 రెట్లు. జవాబు సెకనుకు 121 మీటర్లు. వాస్తవానికి 18 రెట్లకు పైగా ఎక్కువ! వర్గ నియమంతో చేస్తే 6.8 మీటర్లు వస్తుంది. గన్, కింజర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1949లో ప్రచురించిన కొలతల్లో ఈ విలువ 6.49. చినుకు రేనాల్డ్స్ సంఖ్య 850కి పైనే ఉంటుంది కాబట్టి వర్గ నియమమే ఇక్కడ సరైనది.

ఎత్తుతో పెద్దగా పని లేదు

వర్గ నియమంతో సమీకరణాన్ని సాధిస్తే, ఏ క్షణంలోనైనా వేగం ఇలా వస్తుంది:

వేగం = చరమ వేగం × హైపర్బోలిక్ టాంజెంట్ (గురుత్వ త్వరణం × కాలం ÷ చరమ వేగం)

6.5 మీటర్ల చరమ వేగమున్న చినుకుకు ఒక సెకను తర్వాత వేగం 5.9 మీటర్లు, రెండు సెకన్లకు 6.47. అప్పటికి అది పడింది 10 మీటర్లే. తెలీబంధా చెరువు దగ్గరున్న 82 మీటర్ల జెండా స్తంభం కొస నుంచి జారినా, 2 కిలోమీటర్ల పైనున్న మేఘం నుంచి జారినా చినుకు నేలను తాకే వేగం దాదాపు ఒకటే.

తేడా తెచ్చేది పరిమాణం. వర్గ నియమంలో చరమ వేగం వ్యాసం వర్గమూలంతో పెరుగుతుంది. 2 సెంటీమీటర్ల వడగల్లు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో దిగుతుంది. వేగం మూడు రెట్లే పెరిగినా బరువు 900 రెట్లు కాబట్టి, అది మోసుకొచ్చే గతిశక్తి చినుకు కంటే సుమారు 8,000 రెట్లు ఎక్కువ. చినుకు తడిపి పోయే పైరును వడగల్లు చీల్చేయడానికి కారణం ఇదే.

శ్రీహరికోటలో ఇదే లెక్క

ప్రాణాలతో ముడిపడిన చోటా ఇదే సమీకరణం పనిచేస్తుంది. 2007 జనవరి 10న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ7లో ఇస్రో పంపిన ఎస్‌ఆర్‌ఈ-1 అనే 550 కిలోల క్యాప్సూల్ జనవరి 22న తిరిగి బంగాళాఖాతంలో దిగింది. ఇస్రో ప్రకటన ప్రకారం 5 కిలోమీటర్ల ఎత్తులో దాని వేగం సెకనుకు 101 మీటర్లు. చిన్న పారాచూట్లు దాన్ని 47కు తగ్గించాయి. ప్రధాన పారాచూట్ తెరుచుకున్నాక సముద్రాన్ని తాకింది 12 మీటర్ల వేగంతో.

5 కిలోమీటర్ల ఎత్తులో అది చరమ వేగానికి దగ్గరగా ఉందనుకుని, అడుగు వ్యాసం 2 మీటర్లతో లెక్కిస్తే నిరోధ గుణకం 0.46 వస్తుంది. గోళం విలువకు ఆనుకునే ఉంది. బరువు మారలేదనుకుంటే, 101 నుంచి 12కు తగ్గించడానికి నిరోధ గుణకం, వైశాల్యాల లబ్ధాన్ని 40 రెట్లకు పైగా పెంచాల్సి వచ్చింది. వర్గ నియమం ధర ఇది: వేగం సగం కావాలంటే వైశాల్యం నాలుగు రెట్లు కావాలి.

అదే నియమం మేలూ చేస్తుంది. గగన్‌యాన్ క్యాప్సూల్‌కు మూడు ప్రధాన పారాచూట్లు ఉంటాయి. రెండు తెరుచుకున్నా చాలని ఇస్రో చెబుతోంది. ఒకటి విఫలమైతే వైశాల్యం మూడో వంతు తగ్గినా వేగం పెరిగేది 22 శాతమే. అయితే నీటిని తాకే శక్తి 50 శాతం పెరుగుతుంది. లోపలి సీట్లనూ, క్యాప్సూల్ గోడలనూ ఆ అంకెకు తట్టుకునేలా తయారు చేయాలి.

ఎక్కడ జాగ్రత్త పడాలి?

ఈ నమూనాకు హద్దులున్నాయి. 5 మిల్లీమీటర్లకు దగ్గరపడిన చినుకులు గోళంలా ఉండవు, అడుగున చదునవుతాయి. అందుకే వాటి వేగం సెకనుకు 9 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఇంకా పెద్దవైతే పగిలిపోతాయి. చాలా ఎత్తు నుంచి పడే వస్తువులకు గాలి సాంద్రత దారి పొడవునా మారుతుంది. ధ్వని వేగం దగ్గర నిరోధ గుణకమే మారిపోతుంది. అలాంటప్పుడు ఒక్క సూత్రంతో జవాబు రాదు. కాలాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ వేగాన్ని కంప్యూటర్‌తో లెక్కిస్తారు. సమీకరణం మాత్రం అదే.