తీగకు తోడైన తొడుగు

ద్విచక్రవాహనము నడుపువాని యెడమచేతి వ్రేళ్లక్రింద నుండు క్లచ్ లివరునకును, ఇంజను గర్భమున తిరుగుచుండు క్లచ్ ప్లేట్లకును నడుమ గల సంబంధమంతయు సుమారు 2 మిల్లీమీటర్ల మందము గల యొక ఉక్కు తీగపై నాధారపడి యున్నది. ఆ తీగ తెగిన దినమున మెకానిక్కు కడకు పోయి క్లచ్ వైరు తెగినదని చెప్పుదుము. ఆతడును క్రొత్త వైరు తెచ్చి బిగించును. మన మాటయందేగాక తలపునందు గూడ తీగయే ప్రధానము. దానిని కప్పియుండు నల్లని తొడుగు, మెకానిక్కులు ఔటరు అను భాగము, వానకును ధూళికిని అడ్డుపడు వస్త్రమువంటిది మాత్రమేయని భావింతుము. ఈ సాధనము పుట్టి యించుమించు 130 సంవత్సరములైనది. దాని చరిత్రను పరిశీలించినచో, నాడు క్రొత్తగా కల్పింపబడినది తొడుగేయనియు, నేటికిని క్లచ్ సవరించు ప్రతి మెకానిక్కు సవరించుచున్నది ఆ తొడుగునేయనియు విశదమగును.

క్లచ్ లేని మోటారుసైకిళ్లు ఒకప్పుడుండెను. 1894లో మ్యూనిచ్ నగరమున హిల్డెబ్రాండ్, వోల్ఫ్‌ముల్లర్ అనువారు నిర్మించి విక్రయింప నారంభించిన వాహనము, అధికసంఖ్యలో తయారైన మొదటి మోటారుసైకిలుగా ప్రసిద్ధి గాంచినది. దాని ఇంజను కడ్డీలు వెనుక చక్రమునకే నేరుగా తగుల్కొనియుండుటచే చక్రము తిరిగినంతసేపును ఇంజను తిరుగును, చక్రము నిలిచిన ఇంజనును నిలిచిపోవును. కావున నడుపువాడు బండిని త్రోయుచు పరుగెత్తి, ఇంజను రగుల్కొనిన పిమ్మట ఎగిరి కూర్చుండవలసి యుండెను. 1900 తరువాతి సంవత్సరములలో ఇంగ్లండున వ్యాపించిన, పట్టాతో చక్రమును త్రిప్పు వాహనములలో పెక్కింటిదియు నిదే గతి. నాలుగు వీధుల కూడలిలో బండి నాపుట యనగా ఇంజనును చంపుటయే. మరల బయలుదేరుట యనగా మరల త్రోయుటయే. 1910 ప్రాంతమున ట్రయంఫ్ వారును, 1912లో హార్లీ డేవిడ్సన్ వారును వెనుక చక్రపు నడిబొడ్డునందు క్లచ్ నమర్చి, చక్రము కదలకున్నను ఇంజను తిరుగుచుండునట్లు చేసిరి. బండి యెక్కి కూర్చుండి, నెమ్మదిగా కదలి, కావలసినచోట నిలిచి, మరల కదలు సుఖము సామాన్యునకు అప్పుడు లభించెను.

క్లచ్ వచ్చిన పిదప దానికి ఆజ్ఞ నందించు మార్గ మొకటి కావలసివచ్చెను. ఇనుప కడ్డీలు, మడతబందులు, మోచేతి ఆకారపు లంకెలు ఆనాటికే సైకిలు బ్రేకులలో వాడుకయందుండెను. కాని కడ్డీ తిన్నని దారిలోనే లాగగలదు. హ్యాండిలు ఇటునటు తిరుగును, ఇంజను అదరుచుండును, నడుమ పెట్రోలు ట్యాంకు అడ్డుగా నుండును. ఇన్ని వంపులను దాటి కడ్డీతో ఆజ్ఞ పంపవలెనన్న ప్రతి వంపుకడను ఒక లంకెయు, ప్రతి లంకెయందును కొంత వదులును, ఆ వదులంతయు చేరి లివరు సగము దూరము వ్యర్థముగా కదలుటయు తప్పవు. వట్టి తీగ గూడ నిరుపయోగమే. వంపుగా పరచిన తీగను ఈ కొసను పట్టి లాగినచో అది ముందుగా తిన్ననగుటకే యత్నించునుగాని ఆవలి కొసను కదల్పదు.

లండను నగరమున నివసించిన ఎర్నెస్ట్ మోనింగ్టన్ బౌడెన్ అను ఐర్లండు దేశీయుడు 1896లో పేటెంటు పొందిన కల్పనయందు ఈ చిక్కు అప్పటికే విడిపోయియుండెను. ఆతడు ఉక్కు తీగను చుట్టకు చుట్ట ఆనియుండునట్లు దగ్గరగా చుట్టి సన్నని గొట్టమును చేసి, దానిలో మరియొక తీగను దూర్చెను. ఆ గొట్టము పక్కలకు యథేచ్ఛగా వంగును, కాని చుట్టలు ఒకదానినొకటి ఒరసియుండుటచే నిడివియందు కుదింపునకు లొంగదు. లివరు లోని తీగను ఎంత బలముతో తనవైపునకు లాగునో, వెలుపలి తొడుగు అంత బలముతోనే రెండు కొసలయందలి ఆనికలను ఎడమెడముగా త్రోయుచుండును. లాగుడును త్రోపుడును ఒకే దారిలో ఒకదానినొకటి కనిపెట్టికొని సాగుటచే, దారి యెట్లు వంగినను ఈ కొసనుండి బయలుదేరిన కదలిక ఆవలి కొసకు చేరును. తొడుగు త్రోయనిచో తీగ లాగలేదు. యంత్రశాస్త్రమున ఇంత స్వల్పమైన సామగ్రితో ఇంత విస్తారమైన ఫలమును సాధించిన కల్పనలు అరుదని నా దృఢమైన అభిప్రాయము. రాలీ సైకిలు కంపెనీని స్థాపించిన సర్ ఫ్రాంక్ బౌడెన్‌కు పలువురు ఈ కీర్తిని కట్టబెట్టుచుందురు. ఇంటిపేరొక్కటియగుటచే కలిగిన పొరపాటది. పేటెంటు ఎర్నెస్ట్ బౌడెన్‌ది. ఆతడు తన కల్పన లోకమంతటను వ్యాపించుట చూడకయే, 1904లోనే గతించెను.

సైకిలు బ్రేకుతో మొదలైన ఈ వైరు మోటారుసైకిలుపై థ్రాటిలునకును, గాలి లివరునకును, ఇంజనునందలి ఒత్తిడిని విడుచు డీకంప్రెషను లివరునకును, తుదకు క్లచ్చునకును ప్రాకెను. మొదటి ప్రపంచయుద్ధమున బ్రిటిషు విమానములలో వైమానికుని చేతికర్ర నుండి మరతుపాకిని పేల్చుటకు గూడ దీనినే వాడిరి. అయినను క్లచ్ యెడమచేతికి స్థిరముగా దక్కుటకు చాలకాలము పట్టినది. అమెరికాలో ఇండియన్, హార్లీ కంపెనీల బండ్లు నడుపువారు ఎడమకాలితో క్లచ్‌ను త్రొక్కి, చేతితో ట్యాంకు ప్రక్కనున్న గేరు కర్రను కదల్చెడివారు. ఇంగ్లండున వెలొసెట్ కంపెనీలో హెరాల్డ్ విల్లిస్ 1920ల చివర, త్రొక్కిన ప్రతిసారి ఒక్కొక్క గేరు మాత్రమే మారి, పెడలు మరల స్వస్థానమునకు వచ్చు ఏర్పాటును రూపొందించెను. గేరు కాలికి చేరుటతో క్లచ్ చేతికి మిగిలెను. హార్లీవారు 1952లో కె నమూనాతో ఈ పద్ధతికి వచ్చిరి.

మన దేశమున 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ వెలసి బుల్లెట్ బండ్లను అందించెను. కొన్ని ఏండ్లకు మైసూరునుండి జావా వచ్చెను. జావాయందలి యొక విశేషము ఈ సందర్భమున చెప్పదగియున్నది: కిక్కు కొట్టు కాడయే గేరు పెడలుగా మారుటయేగాక, ఆ పెడలును త్రొక్కినంతనే లోపలి యేర్పాటుచే క్లచ్ తనంతట విడిపోవును. అందుచే దారిలో క్లచ్ వైరు తెగిన జావా యజమాని పెడలును అదిమిపట్టి, మెల్లగా వదలుచు బండిని కదల్చుకొని ఇల్లు చేరగలిగెడివాడు. బుల్లెట్ యజమానికి ఆ వెసులుబాటు లేదు. జపానులో 1958లో హోండావారు సూపర్ కబ్ అను చిన్న బండికి, ఇంజను వేగమునుబట్టి తానే పట్టి తానే విడుచు క్లచ్ నమర్చి, ఎడమచేతి లివరునే తొలగించిరి; ఒక చేత ఆహారపు పెట్టెను మోయుచు మరియొక చేత బండి నడుపు ఫలహారశాల కుర్రవానికి అనువుగా నుండవలెనని సొయిచిరో హోండా ఉద్దేశము. అయినను 1985లో మన వీధులకు వచ్చిన హీరో హోండా సీడీ 100 మొదలు నేటివరకు మన మోటారుసైకిళ్లలో అత్యధికభాగము బౌడెన్ వైరుతోనే నడచుచున్నవి.

పాతకాలపు మెకానిక్కులు వైరును దుకాణమున కొనుటకంటె తామే కట్టుకొనుట యెక్కువ. కావలసిన పొడవునకు తీగను కోసి, తీగ కొసను పట్టియుంచు ఇత్తడి బొడిపెయైన నిపుల్ రంధ్రమున కొసను దూర్చి, పోగులను విడదీసి నలువైపులకు వంచి, ఆ పైని సీసము తగరము కలిసిన టంకమును కరగించి నింపెడివారు. పోగులను విడదీయక టంకము పోసినచో తీగ కొంతకాలమునకు నిపుల్‌ను వదలి జారిపోవును. బజాజ్ చేతక్ వంటి స్కూటర్లలో ఇంజను వైపు కొసను మరతో నొక్కి పట్టుటచే టంకముతో పనిలేక, తొడుగును కదల్పకయే లోని తీగను మాత్రము మార్చుకొనుట సాధ్యమయ్యెను. దూరప్రయాణములు చేయు బుల్లెట్ యజమానులు క్రొత్త వైరు నొకదానిని పాతదాని ప్రక్కనే, అదే దారిలో పరచి కట్టి యుంచుకొను అలవాటు కూడ కలదు. తెగిన చోటనే రెండు కొసలు తగిలించి ముందుకు సాగవచ్చును.

వైరు తెగుట తరచుగా లివరువైపు నిపుల్ కడనే సంభవించును. లివరు నొక్కినప్పుడు నిపుల్ తన గూటిలో కొంచెము తిరుగవలెను. గ్రీజు ఎండి, గూడు బిగిసి, అది తిరుగనప్పుడు తీగయే ప్రతిసారి ఒకేచోట వంగి, పోగు తరువాత పోగు తెగుచుండును. అందుచే క్రొత్త వైరు వేయుటకు ముందు లివరు పివటు బోల్టును, నిపుల్ గూటిని తుడిచి గ్రీజు రాయుట అవశ్యము. రెండవ శత్రువు దారిలోని వంపులు. స్తంభమునకు చుట్టిన త్రాటి విషయమున 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ తెలిపిన సూత్రము ఇచటను వర్తించును: వంపుల మొత్తము కోణము పెరిగినకొలది ఘర్షణ రెట్లుగా పెరుగును. వంపులన్నియు కలిసి అర్ధవృత్తమంతయైనచో, ఘర్షణ గుణకము 0.1 ఉన్న శుభ్రమైన వైరు లాగుటకు సుమారు 1.37 రెట్ల బలము చాలును; త్రుప్పుచే అది 0.3 అయినచో రెండున్నర రెట్లకు పైగా కావలెను. సాయంకాలమునకు ఎడమచేయి నొప్పిపుట్టుటకు క్లచ్ స్ప్రింగులను నిందించుటకు ముందు వైరు పోయిన దారిని చూడవలెను.

పాత వైరును లాగివేయుటకు ముందు దాని కొసకు దారమొకటి కట్టినచో, ఆ దారమే క్రొత్త వైరునకు ట్యాంకు క్రింది మార్గమును చూపును. లివరుకడనున్న అడ్జస్టరు, లాక్ నట్టు, లివరు దిమ్మె మూడింటియందును చీలికలుండును. వానిని ఒకే వరుసకు తెచ్చినచో తీగ పక్కకు జారి వెలువడును. క్రొత్త వైరు తగిలించునప్పుడు రెండు కొసల అడ్జస్టర్లను పూర్తిగా లోనికి తిప్పియుంచవలెను. ఇక సవరణము. అడ్జస్టరును వెలుపలికి తిప్పినప్పుడు తీగ బిగిసినదని మనము చెప్పుదుము. నిజమునకు తీగ పొడవు రవ్వంతయైన మారలేదు, తొడుగు ఆనియున్న గద్దె వెనుకకు జరిగి, తొడుగు దారియే దీర్ఘమైనది. బౌడెన్ కల్పించిన ఆ త్రోపుడునే మరకొక పిసరు పెంచుచున్నాము.

ఎంత పెంచవలెననుటలో వివేకము కావలెను. పెక్కు హోండా నమూనాలలో లివరు కొసకడ 10 నుండి 20 మి.మీ. వరకు ఊరక కదలు ఫ్రీ ప్లే ఉండవలెనని చెప్పబడినది. ఆ వదులు బొత్తిగా లేనిచో క్లచ్ ఎల్లవేళల కొంచెము విడివడియుండి, ప్లేట్లు జారి, కాలిపోవును. మితిమీరినచో క్లచ్ పూర్తిగా విడిపోక గేరు గరగరమని పడును, న్యూట్రలు దొరకదు. విచారింపదగిన విషయమేమన, వైరు సాగుటచే వదులు పెరుగును, ప్లేట్లు అరుగుటచే, వానిని విడదీయు పుష్ రాడ్డు వెలికి వచ్చి వదులు తగ్గును. ఈ రెండును ఎదురెదురుగా పనిచేయుచుండుటచే, నెలల తరబడి అడ్జస్టరు ముట్టని వాడును లివరును చూచి అంతయు సవ్యముగా నున్నదని మోసపోవచ్చును. ముందు ఇంజను వైపు అడ్జస్టరుతో స్థూలముగాను, పిదప లివరు వైపుదానితో సూక్ష్మముగాను సవరించి, లాక్ నట్లు బిగించి, ఇంజను తిరుగుచుండగా హ్యాండిలును ఈ కొసనుండి ఆ కొసవరకు త్రిప్పి చూడవలెను. లివరునందలి వదులు ఎచటనైన తగ్గినచో వైరు దారి తప్పినదని గ్రహించి, తీసి మరల పరచవలెను. తొడుగు కొసలు తమ గూళ్లలో కుదురుకొనుటకు కొంత నడక పట్టును గనుక, వైరు వేసిన వారము దినములకే మరియొకసారి ఫ్రీ ప్లేను కొలువవలెను.