స్వీయ మూల్యాంకనం, క్లినికల్ పరీక్ష

తనకు ఎంత వచ్చో వైద్య విద్యార్థి తానే వేసుకునే అంచనా స్వీయ మూల్యాంకనం. ఆ జ్ఞానాన్నీ చేతి నైపుణ్యాన్నీ మరొకరు కొలిచేది పరీక్ష. ఈ రెండూ చాలాసార్లు పొసగవు.

1846లో హైదరాబాద్‌లో మొదలైన వైద్య పాఠశాలే నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలం. ఆ కాలేజీ విద్యార్థులు ప్రసూతి పోస్టింగులకు వెళ్లే ఆసుపత్రుల్లో పురానాపూల్ దగ్గరి పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఒకటి. గర్భిణి పొట్ట తడిమి బిడ్డ ఎలా ఉందో తెలుసుకునే నాలుగు పట్టుల పేర్లు పుస్తకం చదివినవారు గడగడా చెప్పేస్తారు. కిందున్నది తలా, పిరుదులా? చేయి వేసి చెప్పమంటే తేలుతుంది అసలు సంగతి. వైద్య విద్యావేత్త జార్జ్ మిల్లర్ 1990లో దీన్నే నాలుగు మెట్లుగా చెప్పాడు: తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపడం, రోజువారీ పనిలో చేయడం. విద్యార్థి తనకు తాను మార్కులు వేసుకునేది తరచూ మొదటి మెట్టు మీద నిలబడే.

డాక్టర్లయ్యాక కూడా ఈ తేడా పోదు. వైద్యుల స్వీయ అంచనాలను బయటి కొలతలతో పోల్చిన 20 సందర్భాలను ‘జామా’ వైద్య పత్రికలో 2006లో వచ్చిన ఒక సమీక్ష పరిశీలించింది. 13 చోట్ల పొంతన స్వల్పం, శూన్యం లేదా తలకిందులు. నైపుణ్యం తక్కువున్నవారిలో, ధీమా ఎక్కువున్నవారిలో తేడా మరీ ఎక్కువ. మళ్లీ మళ్లీ చదివిన పేజీ పరిచయంగా కనిపించడం ఈ తప్పుడు అంచనాకు ఒక కారణం. పరిచయం వేరు, అవసరానికి గుర్తుకు రావడం వేరు.

అలాగని బయటి పరీక్షలన్నీ నమ్మదగినవేం కావు. మత్తుమందు క్లోరోఫామ్ గుండెను నేరుగా ఆపదనీ, శ్వాసను గమనిస్తే చాలనీ హైదరాబాద్ వైద్య పాఠశాల ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ గట్టిగా నమ్మాడు. నిజాం అండతో 1888, 1889లలో పనిచేసిన రెండు క్లోరోఫామ్ కమిషన్లూ జంతువులపై ప్రయోగాలు చేసి ఆయన మాటే బలపరిచాయి. పరీక్ష రాసేవాడే ప్రశ్నపత్రం తయారు చేసుకున్నట్టయింది. క్లోరోఫామ్‌తో గుండె లయ తప్పి హఠాత్తుగా ప్రాణం పోవచ్చని 1911లో ఎ.జి. లెవీ పిల్లుల మీద చూపించాడు.

విద్యార్థి ఒక రోగిని చూసి పరీక్షకులకు వివరించే ‘లాంగ్ కేసు’ పరీక్షలోనూ లోపం ఉంది: ఒక్క రోగి, ఇద్దరు ముగ్గురు పరీక్షకులు, మిగతాది అదృష్టం. అందుకే డండీలో రోనాల్డ్ హార్డెన్ 1975లో ‘ఓస్కీ’ అనే పరీక్షా పద్ధతిని ముందుకు తెచ్చాడు. అందరూ ఒకే వరుస స్టేషన్లు తిరగాలి, ఒకే కొలతతో మార్కులు. మన దేశంలో 2019 నుంచి అమలవుతున్న ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో లాగ్‌బుక్ తప్పనిసరి. చేశానని విద్యార్థి రాసుకుంటే చాలదు, పక్కన అధ్యాపకుల సంతకం పడాలి.