ఆబోతును నిలిపిన మీట



పొగరుబోతు కోడెను లొంగదీయుట యెంత కష్టమో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ముకుత్రాడు చేత నున్నను గుండె దడదడలాడును. అట్టిది, త్రాడు లేకయే, దూరమున నిలిచి, ఒక మీటను నొక్కి ఆబోతును నిలిపిన శాస్త్రజ్ఞుని వృత్తాంతమును నేడు మనవి చేసెదను.

ఆయన పేరు జోసే డెల్గాడో. 1915లో స్పెయిను దేశమున రోండా పట్టణమున జన్మించి, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున మెదడును గూర్చి పరిశోధించెను. అంతకు పూర్వమే స్విట్జర్లండువాడగు వాల్టర్ హెస్, పిల్లుల మెదడులో సన్నని తీగలను నిలిపి, విద్యుత్తును పంపి, వానికి కోపమును, నిద్రను కలిగించి చూపెను. 1949లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. కాని ఆ పిల్లులు తీగలకు కట్టుబడి యుండెడివి. డెల్గాడో ఆ బంధమును తొలగించెను. ఈ ప్రసంగము మీ రేడియోకు ఏ తీరున చేరుచున్నదో, ఆ తీరుననే ఆయన చేతిపెట్టె నుండి జంతువు తలపై నమర్చిన చిన్న యంత్రమునకు ఆజ్ఞ చేరెడిది.

1963లో స్పెయినులోని కోర్డోబాలో ఆయన స్వయముగ గోదాలోనికి దిగెను. ఆబోతు కొమ్ములు వంచి మీదికి దూకెను. ఆయన మీటను నొక్కెను. కొద్ది అడుగుల దూరమున అది చటుక్కున నిలిచి, ప్రక్కకు తిరిగెను! 1965లో ఈ వార్త పత్రికల కెక్కగా లోకము విస్మయమొందెను. మనుష్యులనుగూడ ఇట్లే ఆడింతురేమో యని భయపడెను.

అయితే దాని కోపము నిజముగ చల్లారెనా? కదలిక మాఱుటయేగాక, కోపముగూడ అణగెనని డెల్గాడో తలచెను. అమెరికా శాస్త్రజ్ఞుడగు ఎలియట్ వాలెన్‌స్టైన్ 1973లో దీనిని ఖండించెను. విద్యుత్తు ఆ మృగమును బలవంతముగ ప్రక్కకు త్రిప్పినది. అందుచే పరుగు ఆగినదేగాని, కోపము పోయినదనుటకు నిదర్శనము లేదని ఆయన వాదము.

నాకీ వాదము సమంజసముగ తోచుచున్నది. ముప్పదియైదేండ్లు బడిపంతులుగ నుంటిని. తొలినాళ్లలో బెత్తము చేత బట్టగానే తరగతి నిశ్శబ్దమగుచుండెను. అది వినయమని మురిసితిని. ఒకనాడు నేను గడప దాటి బయటికి పోవగానే లోపల చెలరేగిన అల్లరిని విని, సిగ్గుపడితిని. నేను నిలిపినది నోళ్లను మాత్రమే.

డెల్గాడో 2011లో గతించెను. నేడు మెదడులో తీగల నమర్చి, కంపవాతముతో బాధపడువారి వణకును తగ్గించుచున్నారు. రోగి సమ్మతితో, వాని మేలుకొఱకు జరుగు పని యది; శ్లాఘనీయము. కాని ఆగినవాడెల్ల లొంగినవాడని తలచుట మాత్రము, శాస్త్రజ్ఞునకైనను, గృహయజమానికైనను, గ్రామపెద్దకైనను పొరపాటే యగును.