వంటగదికి వచ్చిన లాగర్

దుకాణాల్లో అమ్మే లేత పసుపు లాగర్ బీరు మొదటి నుంచీ భట్టీలది, ఫ్యాక్టరీలది. ఇళ్లలో శతాబ్దాలుగా కాచుకున్నది ఏల్ అనే మరో రకం బీరు. ఏల్ ఈస్ట్ 20 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల, అంటే మామూలు గది వెచ్చదనంలో, నాలుగైదు రోజుల్లో పని ముగిస్తుంది. లాగర్ ఈస్ట్‌కు 9 నుంచి 14 డిగ్రీల చల్లదనం కావాలి. ఆ తర్వాత దాదాపు గడ్డకట్టే చలిలో వారాల తరబడి నిల్వ ఉంచాలి. అందుకే ఈ బీరు ఇళ్లలోకి ఆలస్యంగా వచ్చింది.

దాని పుట్టుక బవేరియాలో. 1516లో ఇంగోల్‌స్టాట్‌లో వెలువడిన శాసనం బీరులో బార్లీ, హాప్స్ పువ్వులు, నీరు తప్ప మరేదీ ఉండకూడదంది. లాగర్‌కు అంతకంటే ముఖ్యమైనది 1553 నాటి మరో ఉత్తర్వు. వేసవిలో కాచిన బీరు చెడిపోతోందని డ్యూక్ ఐదవ ఆల్‌బ్రెక్ట్ సెప్టెంబరు 29 నుంచి ఏప్రిల్ 23 వరకే కాయాలని ఆదేశించాడు. దాంతో చలికి తట్టుకునే ఈస్టే అక్కడి పీపాల్లో నిలిచింది. ఆ లాగర్ ఈస్ట్ రెండు జాతుల సంకరం: ఒకటి రొట్టెకూ ఏల్‌కూ వాడే ఈస్ట్, రెండోది చలిని ఓర్చుకునే అడవి ఈస్ట్. ఈ రెండోదాన్ని శాస్త్రవేత్తలు 2011లో దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవుల్లో గుర్తించారు.

చాలాకాలం బవేరియా లాగర్ ముదురు రంగులోనే ఉండేది. ఇప్పుడు ప్రపంచమంతా తాగే పసుపు రంగు బొహీమియాలోని ప్లజెన్ నుంచి వచ్చింది. 1838లో ఆ ఊరివాళ్లు పాడైన బీరును పీపాలకు పీపాలే వీధిలో పారబోసి, కొత్త భట్టీ కట్టుకున్నారు. బవేరియా నుంచి యోజెఫ్ గ్రోల్‌ను రప్పించారు. 1842 అక్టోబరు 5న ఆయన మొదటి కాపు కాచాడు. పొగ తగలకుండా వేడిగాలితో ఆరబెట్టిన లేత మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ), లవణాలు తక్కువగా ఉన్న అక్కడి నీరు, జాట్స్ హాప్స్ కలిసి బంగారు రంగు బీరునిచ్చాయి.

ఆ తర్వాతి నలభై ఏళ్లలో లాగర్ వాతావరణం నుంచి విముక్తి పొందింది. 1845లో జె.సి. జాకబ్‌సన్ (తర్వాత కార్ల్స్‌బెర్గ్ భట్టీని స్థాపించినవాడు) మ్యూనిక్‌లోని ష్పాటెన్ భట్టీ నుంచి లాగర్ ఈస్ట్‌ను డబ్బాల్లో కోపెన్‌హాగెన్‌కు తెచ్చాడు. గుర్రపు బండి ప్రయాణంలో అది వేడెక్కకుండా దారిపొడవునా నీళ్లు పోస్తూ వచ్చాడంటారు. 1870లలో కార్ల్ ఫాన్ లిండె శీతలీకరణ యంత్రాన్ని అదే ష్పాటెన్‌లో పనిలో పెట్టాడు. 1883లో కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి పెంచిన శుద్ధమైన ఈస్ట్‌ను తయారుచేశాడు. జాకబ్‌సన్ దాన్ని దాచుకోకుండా అడిగిన భట్టీలకు ఇచ్చాడు. ఒకే రుచిని ఏడాదంతా ఇవ్వగలగడమనే ఫ్యాక్టరీ లక్షణం అప్పటి నుంచే లాగర్‌కు అబ్బింది.

నేటి ‘కమర్షియల్’ లాగర్‌కు ఆఖరి మెరుగు అమెరికాలో పడింది. 1840లో ఫిలడెల్ఫియాలో జాన్ వాగ్నర్ అనే బవేరియన్ లాగర్ కాచిన తర్వాత, జర్మన్ వలసదారులు దాన్ని ఊరూరా వ్యాపింపజేశారు. అక్కడి ఆరు వరుసల బార్లీలో ప్రొటీన్ ఎక్కువ. దానితో చేసిన బీరు బరువుగా, మబ్బుగా ఉండేది. దాన్ని పలచబరచడానికి మొక్కజొన్న, బియ్యం కలపడం మొదలైంది. బొహీమియాలో పుట్టిన ఆంటన్ ష్వార్ట్స్ ఈ పద్ధతిని రాతల ద్వారా బాగా ప్రచారం చేశాడు. 1876లో వచ్చిన బడ్‌వైజర్ బియ్యాన్నే నమ్ముకుంది. బియ్యాన్ని చవక సరుకుగా తీసిపారేయడం ఈనాటి రసికుల అలవాటే కానీ, ఆరు వరుసల బార్లీతో తేటగా ఉండే బీరు చేయాలంటే అప్పట్లో అదే తెలివైన మార్గం.

ఇందులో ఒక చిక్కు ఉంది. బియ్యంలో పిండిపదార్థం ఉంటుంది కానీ, దాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైములు ఉండవు. అవి మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీలో, అంటే మాల్ట్‌లో ఉంటాయి. 65 డిగ్రీల దగ్గర చురుగ్గా పనిచేస్తాయి. కానీ ఆ వేడికి బియ్యం ఉడకదు, ఉడకని పిండి ఎంజైములకు లొంగదు. అందుకే భట్టీలు బియ్యాన్ని వేరే పాత్రలో మెత్తగా ఉడికించి, గంజిలా అయ్యాక అసలు మాష్‌లో, అంటే వేడినీటిలో నానుతున్న మాల్ట్‌లో కలిపేవి. ఎంజైములు మెండుగా ఉన్న ఆరు వరుసల మాల్ట్ తన పిండితోపాటు బియ్యపు పిండినీ చక్కెర చేసేది.

ఈ పనంతా ఇంటి పొయ్యికి ఎక్కడానికి మద్యనిషేధమే మొదటి దారి వేసింది. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో భట్టీలు బీరు అమ్మకూడదు. ఆన్‌హాయ్‌జర్-బుష్ వంటి సంస్థలు మాల్ట్ సిరప్, రొట్టె ఈస్ట్ అమ్ముకుని బతికాయి. డబ్బా మీద పేరు రొట్టెలకే. ఇళ్లలో మాత్రం ఆ సిరప్‌లో చక్కెర, రొట్టె ఈస్ట్ కలిపి బీరు చేసేవాళ్లు. అది తరచూ పుల్లగా ఉండేది, సీసాలు పేలేవి. ఆ తరం ఇంటి బీరుకు తెచ్చిన చెడ్డపేరు దశాబ్దాల పాటు వదల్లేదు. 1933లో నిషేధం పోయినా, ఇంట్లో వైన్ చేసుకోవడానికి దొరికిన వెసులుబాటు బీరుకు దొరకలేదు.

బ్రిటన్‌లో 1880లో ప్రధాని గ్లాడ్‌స్టన్ ఇంటి కాపుకు లైసెన్సు తప్పనిసరి చేశాడు. 1963లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ దాన్ని ఎత్తివేశాక సిరప్ డబ్బాల వ్యాపారం జోరందుకుంది. అమెరికాలో చట్టం ఇంకా అడ్డుగా ఉండగానే, 1970లో ఫ్రెడ్ ఎక్‌హార్ట్ లాగర్ల మీదే ఒక చిన్న పుస్తకం రాశాడు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో కేంద్ర స్థాయిలో అడ్డు తొలగింది: పెద్దవారు ఒక్కరున్న ఇంటికి ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటే 200. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు మాత్రం 2013 దాకా ఒప్పుకోలేదు. తెలుగు రాష్ట్రాల్లో 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరమే.

కొత్తగా చట్టబద్ధమైన అమెరికన్ వంటగదుల్లోకి మాల్ట్ సిరప్, పొడి సులభంగా వచ్చాయి. కానీ ఒక్క సిరప్‌తో కమర్షియల్ లాగర్ రాదు. ఫ్యాక్టరీలో ఏనాడో చక్కెరగా మారి చిక్కబడిన సరుకు అది. బియ్యం అటుకులు గానీ మొక్కజొన్న అటుకులు గానీ అందులో వేస్తే పిండి పిండిగానే మిగిలి బీరు మబ్బు పడుతుంది. కొంత ధాన్యాన్ని మాత్రమే మాష్ చేసి, మిగతాదానికి పొడి వాడే ‘పాక్షిక మాష్’ ఈ ఖాళీని పూడ్చింది. 19 లీటర్ల కాపుకు కిలోకు కాస్త పైన మాల్ట్, అరకిలో అటుకులు తీసుకుని, నాలుగైదు లీటర్ల నీటిలో 65–67 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచుతారు. అటుకులు ముందే ఆవిరికి ఉడికి ఉంటాయి కాబట్టి భట్టీలోలా వేరే పాత్ర అక్కర్లేదు. వడకట్టి, వేడినీటితో కడిగి, ఆ తీపి ద్రవంలో సుమారు 1.3 కిలోల లేత మాల్ట్ పొడి కలుపుతారు. హాప్స్ కొద్దిగా వేసి గంటసేపు తెర్లనిస్తారు. సగానికి పైగా చక్కెర పొడి నుంచే వస్తుంది కాబట్టి పెద్ద గుండిగ, పెద్ద పొయ్యి అవసరపడవు. చేయి తిరగనివాళ్లకు ఈ పద్ధతి నప్పింది అందుకే.

చలి సమస్య మాత్రం దీనితో తీరదు. శీతల దేశాల్లో కొందరు పాత బవేరియన్లలాగే చలికాలం దాకా ఆగి, నేలమాళిగలో పులియబెట్టేవాళ్లు. తర్వాత పాత ఫ్రిజ్‌కు బయటి నుంచి థర్మోస్టాట్ బిగించడం మామూలైంది. ఏల్‌కు ఒక పొట్లం పొడి ఈస్ట్ చాలిన చోట లాగర్‌కు రెండు వేస్తారు. 10–12 డిగ్రీల్లో రెండు వారాలు పులిసి, పులిసేటప్పుడు వచ్చే వెన్న వాసన పోవడానికి కొద్దిరోజులు 16–18 డిగ్రీలకు ఎక్కి, ఆపై నెలకు పైగా సున్నా దగ్గర నిల్వ ఉంటేనే తేటపడుతుంది. ముదురు బీరులో తప్పులు దాగుతాయి. ఇంత లేత బీరులో ఏదీ దాగదు, అందువల్ల మొదటి కాపుగా ఇది చాలామందిని నిరాశపరిచింది.

2000ల దశకంలో ఆస్ట్రేలియా ఔత్సాహికులు ధాన్యమంతా ఒక గుడ్డసంచిలో వేసి, ఒకే గుండిగలో మాష్ చేసి, సంచిని పైకెత్తేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. అప్పటి నుంచి పాక్షిక మాష్ వాడకం తగ్గింది. పెద్ద గుండిగకు చోటులేని అపార్ట్‌మెంట్ వంటగదుల్లో అది ఇప్పటికీ నడుస్తోంది.