చెక్క మీద అక్స్

ఈమధ్య జమ్మికుంటలో మనోళ్ల ఇళ్లకు పోతే గోడ మీద అద్దం ఫ్రేముల పక్కన కొత్త చీజ్ ఒకటి కనిపిస్తోంది. చెక్క పలక మీద దాదా తస్వీర్! కాగితం అంటించినట్టు ఉండదు, చెక్కలోకే దిగినట్టు ఉంటుంది. పిల్లలు ఫోన్లో చూసి ఇంట్లోనే చేస్తున్నారు. పెద్దలు దీన్ని కొత్త ఫ్యాషన్ అంటున్నారు. నాకైతే ఇందులో మన పాత ఉర్దూ ఛాపాఖానా కనిపిస్తోంది.

పద్ధతి ఆసాన్. తస్వీర్‌ను లేజర్ ప్రింటర్ మీద కాపీ తీయాలి. ఆ నలుపు సిరా కాదు, వేడికి కాగితానికి అతుక్కున్న ప్లాస్టిక్ పొడి. చెక్కకు అక్రిలిక్ జెల్ పూసి, కాగితాన్ని బోర్లా అంటించి, రాత్రంతా ఆరనిస్తారు. పొద్దున తడిపి వేలితో మెల్లగా రుద్దితే కాగితం పొరలుగా ఊడిపోతుంది, పొడి జెల్‌లో ఉండిపోతుంది. ప్రింటర్‌లో తెలుపు రంగు ఉండదు కనుక దాదా తెల్ల కుర్తా చెక్క రంగులోకి మారుతుంది. అందుకే లేత రంగు చెక్క బెహతర్.

కాగితం మీది నక్ష్‌ను ఇంకోదాని మీదికి దించే ఈ హునర్‌తోనే ఉర్దూ కితాబులు బతికాయి. 1796లో జర్మనీలో సెనెఫెల్డర్ రాతి మీద అచ్చువేసే తరీఖా కనిపెట్టాడు. నూనె, నీళ్లు కలవకపోవడమే దాని కీలకం. నస్తలీఖ్‌లో అక్షరాలు ఒకదాని మీద ఒకటి వాలుతూ జారుతాయి. సీసపు టైపులో అవి ఒదగవు. కాబట్టి కాతిబ్ పూత పూసిన పచ్చటి కాగితం మీద జిడ్డు సిరాతో రాసేవాడు. దాన్ని రాతి మీద బోర్లించి ఒత్తితే రాత ఉల్టాగా దిగేది. దాని మీద కొత్త కాగితం ఒత్తితే మళ్లీ సీదా అయ్యేది. హైదరాబాదులో నవాబ్ షమ్సుల్ ఉమరా 19వ శతాబ్దం తొలి సగంలోనే ఇలాంటి సంగీ ఛాపాఖానా పెట్టి, సైన్స్ రిసాలాలను ఉర్దూలో అచ్చువేయించారు. 1981లో నూరీ నస్తలీఖ్ కంప్యూటర్‌లోకి వచ్చేదాకా ఉర్దూ అచ్చు ఎక్కువగా కాతిబ్ కలం మీదే నడిచింది.

రాతి అచ్చులో రెండు తిరుగుళ్లు, చెక్క మీద ఒక్కటే. ముందే ఉల్టాగా కాపీ తీయకపోతే దాదా షేర్వానీ గుండీలు రెండో పక్కకు పోతాయి, దుకాణం బోర్డు మీది ఉర్దూ అద్దంలో రాతలా మారుతుంది.

ఫొటో చెక్క మీదికి ఎక్కడం కూడా కొత్త కాదు. 1860ల్లో లండన్‌లో అచ్చు దిమ్మెల మీద ఫొటోను నేరుగా దించి, దాని వెంబడి ఉలితో చెక్కేవారు. ఆ దిమ్మెల చెట్టును ఫార్సీలో శంషాద్ అంటారు. మన ఇళ్లలో ఎందరో శంషాద్ బేగంలు! అయితే చెక్కడం పూర్తయ్యేసరికి ఆ ఫొటో ఉలి కిందే పోయేది.

అందుకే పిల్లలకు ఒక మాట. అసల్ తస్వీర్‌ను ఈ పనికి వాడొద్దు. పాత ఫొటోలో బొమ్మ పైనున్న జిలేటిన్ పొరలో ఉంటుంది. తడిపి రుద్దితే చెక్క మీదికి రాదు, కాగితం మీదా మిగలదు. కాపీ తీసి, అసల్‌ను సందూక్‌లో భద్రం చేయండి.

తస్వీర్ మీద మనలో ఇఖ్తిలాఫ్ ఉంది. కెమెరా పట్టేది అక్స్ మాత్రమేనని ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ బఖీత్ జాయిజ్ అన్నారు. మన దేశపు ఉలమాలో చాలామంది ఒప్పుకోలేదు. మొహాలు గోడకెక్కించని ఇళ్లకు నా మష్వరా: దాదా ఖత్ దించండి, దాదీ రాసిన సామాన్ల ఫెహ్రిస్త్ దించండి. పైన బిస్మిల్లా ఉంటే ఆ భాగం వదిలి కాపీ తీయండి. రుద్దితే రాలే ముక్కల్లో పాక్ కలాం ఉండకూడదు.

కానీ అక్కడితో ఆగొద్దు. మన పిల్లలు తెలుగు, ఇంగ్లీష్ మీడియంలలో చదువుతున్నారు. చాలామందికి అలిఫ్, బే రావు. చదవలేని వాళ్లకు దాదా ఖత్ కూడా ఉత్త తస్వీరే. పలక కింద ఆ మాటలను తెలుగు లిపిలో రాయండి, పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. జెల్ పొడినే పట్టి ఉంచుతుంది. దాదా మాటను పట్టి ఉంచాల్సింది మనం.