జైపూరు పాదం

యుద్ధంలో కాలు తెగిన విశ్పలకు అశ్వినీదేవతలు లోహపు కాలు అమర్చినట్లు ఋగ్వేదంలో ఉన్నది. కృత్రిమాంగమన్న ఊహ మనకు అంత ప్రాచీనమైనది. కాని మన ఇంట, మన నేలపై మనవలె మసలగల పాదం రూపొందినది మొన్న మొన్న, 1968 ప్రాంతంలో, రాజస్థానపు జైపూరులో.

అంతకుముందు కృత్రిమపాదాలు లేకపోలేదు. పాశ్చాత్యదేశాలలో రూపొందినవి అక్కడి సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలోనూ అమర్చేవారు. అవి బూటులో ఇమిడేందుకు చేసినవి. చీలమండ వద్ద కదలిక లేనివి. వాటితో మఠం వేసుకొని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం సాధ్యం కాదు. గుడి వాకిట బూటు విడువరాదు, తడిమడిలో దిగరాదు. అందుచేత సేద్యగాడు ఆ కాలును మూలనుంచి మళ్లీ చంకకర్రలనే ఆశ్రయించేవాడు. దోషం మనిషిది కాదు, కాలిదేనని గ్రహించినవారు ఎముకల వైద్యులు డాక్టరు ప్రమోద్ కరణ్ సేఠీ.

వైద్యశాస్త్రం ఆయనది, హస్తకౌశలం రామచంద్ర శర్మది. శర్మ శిల్పుల కుటుంబంలో పుట్టి, పెద్ద చదువులు లేకయే, ఆసుపత్రిలో రోగులకు చేతిపనులు నేర్పుతుండేవారు. ఒకనాడు సైకిలు చక్రంలో గాలి పోగా బాగుచేయించడానికి వెళ్లి, అక్కడ లారీ టైరుకు కొత్త రబ్బరు కాచి అతికించడం చూచినారట. పాదానికి కావలసిన పైతొడుగు ఆయనకు అక్కడ దొరికినది! మడమకూ వేళ్లకూ స్పంజిరబ్బరు, చీలమండకు కొయ్యదిమ్మ, వీటన్నిటి చుట్టూ దేహచ్ఛాయ గల గట్టి రబ్బరు చుట్టి అచ్చులో ఉడికించినారు. పాదం అన్ని వైపులకూ వంగినది, నీటికి చెడలేదు, బూటు అక్కరలేకపోయినది. దానిపైన పిక్కభాగాన్ని ఎవరి కొలతకు వారికి, కంచరి బిందె కొట్టినట్లు, అల్యూమినియం రేకును సుత్తితో సాగగొట్టి చేసేవారు. తరువాత ఆ చోటికి ప్లాస్టిక్ గొట్టం వచ్చినది.

1975లో జైపూరులో స్థాపితమైన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఈ కాళ్లను ఉచితంగా అమర్చనారంభించినది. మందుపాతరలకు కాళ్లు కోల్పోయిన ఆఫ్ఘన్లకు సైతం ఇవి చేరినవి.

మన శ్రోతలలో పలువురు ఈ పాదాన్ని ఎరుగకయే చూచి ఉంటారు. 1981లో ప్రమాదవశాన కాలు కోల్పోయిన నర్తకి సుధాచంద్రన్ దీనితోనే తిరిగి రంగమెక్కినారు. 1985లో వచ్చిన తెలుగు చలనచిత్రం ‘మయూరి’లో తన కథలో తానే నటించినారు.

సేఠీగారికి 1981లో మెగసెసే పురస్కారం లభించినది. అది సముచితమే. అయితే ఆ పాదాన్ని చేతులారా మలచిన శర్మగారి పేరు అంతగా వినబడకపోవడం నాకు వెలితిగానే తోస్తున్నది. ఆసుపత్రిలోనివారు మాత్రం ఆయనను మాస్టర్‌జీ అని గౌరవంగా పిలిచేవారు.