పైపుల్లో పెరిగే పరాయి ఆల్చిప్పలు: లోపలికి దిగే మనవాళ్ళు తెలుసుకోవలసినవి

ఎన్నూరు క్రీక్‌లో ఆటు వచ్చి నీళ్ళు దిగినప్పుడు అడుగున బురద కనిపించాలి. కొన్నేళ్ళుగా చాలా చోట్ల అది కనిపించడం లేదు. ఒకదానికొకటి అతుక్కుని, చాప పరిచినట్టు నల్లటి చిన్న ఆల్చిప్పలు కనిపిస్తున్నాయి. అక్కడి తమిళ జాలరులు వీటిని కాక్కా ఆళి అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మైటెల్లా స్ట్రైగాటా. దీని సొంత చోటు అమెరికా ఖండాల ఉష్ణమండల తీరాలు. బురదలో దూరి బతికే రొయ్యకు చోటు లేకుండా పోయిందని, చేత్తో రొయ్యలు పట్టి పొట్టపోసుకునే కుటుంబాలు మొరపెట్టుకుంటూనే ఉన్నాయి. సంగతి జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది.

జాలరుల బాధ పత్రికల్లో వస్తూనే ఉంది. మేము రాయదలచుకున్నది దాని పక్కనే ఉన్న మరో సంగతి. అదే తీరంలో థర్మల్ విద్యుత్ కేంద్రాలు, నౌకాశ్రయాలు ఉన్నాయి. సముద్ర తీరంలో కట్టిన విద్యుత్ కేంద్రం యంత్రాలను చల్లబరచడానికి సముద్రపు నీటినే తోడుకుంటుంది. ఆ నీటితో పాటు కంటికి కనిపించని పిల్ల ఆల్చిప్పలు కూడా లోపలికి వెళతాయి. అవి పెరిగి గొట్టం మూసుకుపోతే గీకడానికి మనుషులు దిగుతారు. ఆ దిగేవాళ్ళు చాలా చోట్ల కాంట్రాక్టరు కింద రోజు కూలికి వచ్చినవాళ్ళు. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు కాబట్టే ఈ వ్యాసం.

'పరాయి' అనే మాట రాయడానికి మాకు కాస్త ఇబ్బందిగానే ఉంది. నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్నా ఆ మాట పడుతున్నవాళ్ళం. ఇక్కడ దాని అర్థం ఒకటే: తన చోటు నుంచి మనుషుల ఓడల మీద వేరే సముద్రానికి చేరిన జీవి. తన చోట దాన్ని తినే చేపలు, పీతలు, దానికి పట్టే రోగాలు ఉంటాయి. కొత్త చోట అవి ఉండవు. అందుకే అదుపు లేకుండా పెరుగుతుంది.

విశాఖ నుంచి డార్విన్ దాకా

మన దేశానికి ఈ రకం అతిథి కొత్త కాదు. 1967లో విశాఖపట్నం నౌకాశ్రయంలో ఒక చిన్న ఆల్చిప్ప కనిపించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర ఆచార్యులు పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు 1971లో కరెంట్ సైన్స్ పత్రికలో దాని గురించి రాశారు. అప్పట్లో కాంజీరియా సల్లీ అన్నారు, ఇప్పుడు మైటిలాప్సిస్ సల్లీ అంటున్నారు. దీని పుట్టిల్లు కరీబియన్ సముద్రం. 1970లలోనే ముంబయి నౌకాశ్రయంలో కూడా దీన్ని గుర్తించారు. పెద్దదైనా రెండున్నర సెంటీమీటర్లు దాటదు. కానీ నెల తిరిగేసరికి పిల్లలు పెట్టే వయసుకు వస్తుంది. ఉప్పు నీళ్ళు, మంచి నీళ్ళు, మురుగు కలిసిన నీళ్ళు, దేన్నైనా తట్టుకుంటుంది. విశాఖలో, ముంబయిలో అది స్థిరపడిపోయింది. తీసేయడం ఇక ఎవరి తరమూ కాదు.

ఇదే ఆల్చిప్ప 1999 మార్చిలో ఆస్ట్రేలియాలోని డార్విన్ పట్టణంలో, పడవలు నిలిపే కల్లెన్ బే మెరీనాలో కనిపించింది. అక్కడ నౌకాశ్రయాన్ని పరిశీలించే డైవర్లు ఆరు నెలల ముందే అదే చోట మునిగి చూసి వెళ్ళారు. అప్పుడు ఒక్కటీ లేదు. ఆరు నెలల్లో కొన్ని చోట్ల చదరపు మీటరుకు 23 వేలకు పైగా లెక్క తేలాయి. మొత్తం మూడు మెరీనాలలో చేరింది. డార్విన్‌లో పోటు ఆటుల మధ్య తేడా చాలా ఎక్కువ. అందుకని అక్కడి మెరీనాలకు గేట్లు ఉంటాయి. ఆ గేట్లు మూసేశారు. నీటిలో 150 టన్నులకు పైగా బ్లీచింగ్ ద్రవం, ఆరు టన్నులకు పైగా మైలుతుత్తం కలిపారు. లోపల ఉన్న సమస్త జీవాలూ చచ్చాయి, వాటితో పాటు ఆల్చిప్పలూ చచ్చాయి. దాదాపు 270 మంది పనిచేశారు. ఖర్చు 20 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. బయటికి వెళ్ళిపోయిన పడవలను కూడా ఊరూరా వెతికి పట్టుకుని పరీక్షించారు. నాలుగు వారాల్లో తుడిచిపెట్టేశారు.

సముద్రంలో స్థిరపడబోతున్న పరాయి జీవిని పూర్తిగా తీసేసిన సంఘటనలు ప్రపంచంలో చాలా తక్కువ. ఇది సాధ్యమైంది ముందే చూసిన కళ్ళు ఉండటం వల్ల, మూయడానికి గేట్లు ఉండటం వల్ల. ఎన్నూరుకు గేట్లు లేవు. కుశస్థలి నది ఒక పక్క, సముద్రం ఒక పక్క తెరుచుకునే ఉన్నాయి. కాబట్టి అక్కడ ఇక ఉన్నది ఏటేటా గీకి తీయడమే. అంటే మనిషి దిగడమే.

గొట్టం లోపల ఏం జరుగుతుంది

ఆల్చిప్ప పిల్ల మొదట్లో నీటిలో తేలుతూ తిరుగుతుంది. అది ఏ వలకూ చిక్కదు, ఏ జల్లెడకూ ఆగదు. కొన్ని రోజుల తర్వాత గట్టి చోటు చూసుకుని పట్టులాంటి దారాలు తీసి అతుక్కుంటుంది. దానికి కావలసింది ఆగకుండా పారే నీరు, ఆ నీటిలో వచ్చే ఆహారం, తినే చేప లేని చీకటి చోటు. విద్యుత్ కేంద్రం నీటి సొరంగం ఈ మూడూ ఇస్తుంది. ఒకదాని మీద ఒకటి పొరలుగా పేరుకుంటాయి. గొట్టం ఇరుకవుతుంది. పైగా ఊడిన గుత్తులు నీటితో కొట్టుకొచ్చి, అంగుళం వెడల్పు మాత్రమే ఉండే కండెన్సర్ ట్యూబుల మూతి దగ్గర చేరతాయి. రెండు సెంటీమీటర్ల గుల్ల ఒక్కటి చాలు, ఒక ట్యూబు మూతబడటానికి.

ఇది ఎంత దూరం వెళుతుందో అమెరికాలో మిషిగన్ రాష్ట్రం మన్రో పట్టణం చూసింది. నల్ల సముద్రం, కాస్పియన్ ప్రాంతాల జీబ్రా ఆల్చిప్ప ఓడల అడుగున నింపుకునే బ్యాలస్ట్ నీటిలో ప్రయాణం చేసి 1988లో అక్కడి సరస్సుల్లో బయటపడింది. మరుసటి ఏడాదికల్లా మన్రో విద్యుత్ కేంద్రం నీటి కాలువలో చదరపు మీటరుకు దాదాపు 7 లక్షలు లెక్కపెట్టారు. 1989 డిసెంబరులో ఊరి మంచినీటి గొట్టం మూతికి ఆల్చిప్పలు, మంచు కలిసి అడ్డుపడ్డాయి. ఊరు ఊరంతా రెండు రోజులు నీళ్ళు లేక ఉంది.

అన్ని ఆల్చిప్పలూ బయటినుంచి వచ్చినవే అనుకోకూడదు. కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రానికి సముద్రం అడుగున, 50 మీటర్లకు పైగా లోతులో, 468 మీటర్ల పొడవైన సొరంగం ఉంది. అందులో వందల టన్నుల లెక్కన పేరుకున్నది మన సొంత పచ్చ ఆల్చిప్పే. ఇదే పచ్చ ఆల్చిప్ప 1990లో ట్రినిడాడ్‌లో, 1999లో అమెరికాలోని ఫ్లోరిడాలో పరాయిదిగా తేలింది. ఫ్లోరిడాలో దాన్ని మొదట చూసింది శాస్త్రజ్ఞులు కాదు. టాంపా దగ్గర విద్యుత్ కేంద్రం నీటి సొరంగాలు గీకడానికి దిగిన డైవర్లు. మన ఆల్చిప్ప అక్కడ గొట్టాలు మూస్తుంటే అక్కడిది ఇక్కడికి వచ్చి కూర్చుంది.

చంపడానికి అందరూ వాడేది క్లోరిన్. ఇందులో ఒక చిక్కు ఉంది. ఆల్చిప్ప క్లోరిన్‌ను పసిగడుతుంది. ఘాటు తగలగానే తలుపులు బిగించుకుని రోజుల తరబడి లోపలే ఉంటుంది. ఒక్కసారిగా ఎక్కువ పోసి ఆపేస్తే, మళ్ళీ తెరుచుకుని బతికేస్తుంది. అందుకే కల్పాక్కం లాంటి చోట్ల లీటరుకు అర మిల్లీగ్రాముకు మించకుండా రాత్రింబగళ్ళు కలుపుతూనే ఉంటారు. పిల్లలు అతుక్కోవు, పెద్దవి తిండి లేక నీరసిస్తాయి. ఏ కారణంతోనైనా క్లోరిన్ కొన్ని వారాలు ఆగితే మళ్ళీ మొదటికి వస్తుంది.

దిగే మనిషికి ప్రమాదం ఎక్కడ

సినిమాల్లో పరాయి జీవి మనుషుల మీద పడి తింటుంది. ఇది ఏమీ చేయదు, చచ్చిపోతుంది అంతే. అదే ప్రమాదం. నీళ్ళు తోడేసి సొరంగం ఆరబెట్టినప్పుడు లోపలి టన్నుల కొద్దీ ఆల్చిప్పలు కుళ్ళుతాయి. కుళ్ళేటప్పుడు గాలిలో ఆక్సిజన్ తగ్గుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. కొద్దిగా ఉన్నప్పుడు వాసన బాగా తెలుస్తుంది. ఎక్కువైతే కొద్ది నిమిషాల్లో ముక్కు మొద్దుబారి వాసన తెలియడం మానేస్తుంది. 'ఇందాక వాసన వచ్చింది, ఇప్పుడు పోయింది, దిగుదాం' అనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. ఇంకా ఎక్కువైతే రెండు ఊపిర్లలో మనిషి పడిపోతాడు. అతణ్ణి లాగడానికి తమ్ముడో, బావమరిదో ఏమీ కట్టుకోకుండా దూకుతారు. మ్యాన్‌హోల్ చావుల వార్తల్లో రెండేసి, మూడేసి పేర్లు ఉండేది ఇందువల్లే.

నీళ్ళు ఉండగానే డైవర్లు దిగే పద్ధతి వేరు, ప్రమాదమూ వేరు. ఒక గేటుకు ఇటు అటు నీటి మట్టంలో మూడు మీటర్ల తేడా ఉందనుకోండి. ఆ గేటులో అడుగు వెడల్పు కన్నం ఉంటే, దానికి అడ్డంగా వచ్చిన మనిషిని 200 కిలోలకు పైగా బలం పట్టి ఉంచుతుంది. ఈత ఎంత వచ్చినా విడిపించుకోలేడు. పంపు ఎవరో పొరపాటున నడిపినా అంతే. అందుకే పంపు స్విచ్చికి తాళం వేసి, ఆ తాళంచెవి దిగినవాళ్ళ బృందం దగ్గరే ఉంచాలి. ఆఫీసు బల్ల మీద కాదు.

గుల్ల అంచులు బ్లేడుల్లా ఉంటాయి. మురికి ఉప్పునీటిలో తెగిన గాయం చిన్నదైనా రెండు రోజుల్లో వాచి కాలు పట్టేయవచ్చు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త. క్లోరిన్ సిలిండర్ల దగ్గర పనిచేసేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: ఆ వాయువు గాలి కంటే రెండున్నర రెట్లు బరువు, పల్లానికే పారుతుంది. లీకైతే గుంటలోకి, నేలమాళిగలోకి పరుగెత్తకూడదు. గాలికి అడ్డంగా, ఎత్తుకు వెళ్ళాలి.

కాగితం ఏ భాషలో ఉంది

మేము ఉద్యోగ జీవితమంతా కాగితాల మధ్య గడిపినవాళ్ళం. కాగితం మనిషిని కాపాడదని చాలామంది నవ్వుతారు. ఈ విషయంలో మాత్రం కాపాడుతుంది. మూసి ఉన్న చోటులోకి దిగే ముందు, అర్హత ఉన్న వ్యక్తి స్వయంగా గాలి పరీక్షించి రాతపూర్వకంగా ధ్రువపత్రం ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ చెప్పింది. అది లేకపోతే దిగే మనిషికి శ్వాస పరికరం, నడుముకు పట్టీ, ఆ పట్టీకి కట్టిన తాడు, తాడు రెండో కొస పట్టుకుని బయట ఒక మనిషి ఉండాలని కూడా అందులో ఉండేది. ఈ నియమానికి 75 ఏళ్ళు దాటాయి, కొత్తగా ఎవరూ కనిపెట్టనక్కరలేదు.

అదే చట్టం 108వ సెక్షన్‌లో మాకు తగులుకున్న మాట ఒకటి ఉండేది. నోటీసులు ఇంగ్లీషులోనూ, కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ ఉండాలి అని. ఎక్కువమందికి. ఎన్నూరులో అది తమిళం, ముంబయిలో మరాఠీయో హిందీయో, గంజాంలో ఒడియా. బడిలో తెలుగు మాత్రమే నేర్చుకుని, నలభై ఏళ్ళ వయసులో కూలికి వచ్చిన మనిషి ఆ లెక్కలోకి రాడు. ఒక చోట, ఏ సంస్థో ఇక్కడ అనవసరం, మనవాళ్ళు నలుగురు సంతకం పెట్టిన పర్మిట్ మేము చూశాము. సంతకాలు చక్కటి తెలుగులో ఉన్నాయి. పైన రాసినదాన్ని ఆ నలుగురిలో ఒక్కరూ చదవలేరు. గాలి పరీక్ష గడి ఖాళీగా ఉంది.

అందుకని మా సంఘం ఒక పేజీ తెలుగు కాగితం తయారు చేసింది. అందులో ఉన్నవి సూపర్‌వైజరును అడగవలసిన ప్రశ్నలు: గాలి ఎవరు పరీక్షించారు, ఎన్ని గంటలకు, ఆక్సిజన్ ఎంత వచ్చింది, పంపు తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, తాడు ఎవరు పట్టుకుంటారు, ఆ మనిషి మధ్యలో టీకి వెళితే ఎవరు ఉంటారు. పక్కనే తమిళంలో, హిందీలో అవే ప్రశ్నలు తెలుగు లిపిలో రాశాము, చదివి అడగడానికి వీలుగా. ఒడియా, మరాఠీ రాసి ఇవ్వగల సోదర సంఘాలవారు ముందుకు వస్తే అవీ చేర్చుతాము.

పడవలు ఉన్నవారికి ఒక మాట. ఒక క్రీక్ నుంచి ఇంకో చోటికి పడవ తీసుకెళ్ళే ముందు ఒడ్డుకు లాగి, అడుగు గీకి, వలలూ తాళ్ళూ ఎండలో బాగా ఆరబెట్టండి. గీకిన గుల్లలు మళ్ళీ నీళ్ళలో పడేయకండి. పులికాట్‌లో, గోదావరి పాయల్లో, చిలికలో వేట చేసేవాళ్ళకు ఇది మరీ అవసరం. ఇంతవరకు లేని చోట నల్లటి లేదా గోధుమరంగు చిన్న ఆల్చిప్పలు గుత్తులుగా కనిపిస్తే ఒకటి విప్పి చూడండి. అంచు పచ్చగా ఉంటే మన పచ్చ ఆల్చిప్ప. లోపల మొనదేలిన చివర చిన్న అరలాంటి పలక ఉంటే అది విశాఖలో చూసిన రకం కావచ్చు. పరిశ్రమల మురుగు చేరే నీటిలోవి అయితే మాత్రం తినకండి, సీసం లాంటి లోహాలు వాటి ఒంట్లో పేరుకుంటాయి.

నాలుగు గుల్లలు సీసాలో వేసి, ఎక్కడ ఏ తేదీన దొరికాయో కాగితం మీద రాసి, దగ్గరి మత్స్యశాఖ కార్యాలయంలో ఇవ్వండి. చెన్నైవారు శాంథోమ్‌లోని జూలాజికల్ సర్వే సముద్ర జీవశాస్త్ర కేంద్రానికి, గంజాంవారు గోపాలపూర్‌లో అదే సంస్థ కేంద్రానికి, కార్వార్, మంగళూరు, ముంబయివారు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాఖలకు ఇవ్వవచ్చు. అక్కడ తెలుగు మాట్లాడేవారు లేకపోతే మాకు చెప్పండి, వెంట వస్తాము.